చలిజ్వరపు క్రిమి – గాజుపలకపై దాని ఆనవాళ్లు

మన అధ్యక్ష మండల శతజయంతి సంచికను తెరచిన సంఘస్థులకు గుడుల చరిత్రలు, గురువుల జీవితములు, బడుల కథలు కనబడుట సహజము. వాటి నడుమ ఒక క్రిమి చరిత్ర ఏల వచ్చినదని కొందరికి తోచవచ్చును. మేము మిషను ఆసుపత్రి లాబొరేటరీలో పనిచేసినవారము. గుడి పక్కన ఆసుపత్రి, ఆసుపత్రి వరండా చివర ఒక చిన్న గది, ఆ గది కిటికీ దగ్గర ఒక మైక్రోస్కోపు – మా పని అంతా అక్కడనే జరిగినది. మందు ఇచ్చిన డాక్టరు గారిని, దుప్పటి సర్దిన నర్సమ్మను రోగి జ్ఞాపకముంచుకుంటాడు. వేలు పొడిచినవానిని మాత్రము ఆ నొప్పితో పాటే మరచిపోతాడు. అది తప్పు కాదు. అయితే ఆ గదిలో ఒక రక్తపు బొట్టును గాజుపలక మీద పూసి, ఇది ఏ మలేరియా అని చెప్పుట వెనుక నూట నలుబది సంవత్సరములకు పైబడిన కథ ఉన్నది. ఆ కథలో ముఖ్యమైన అధ్యాయము ఒకటి మన సికింద్రాబాదులోనే జరిగినది. దానిని మన పిల్లలకు చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

చలిజ్వరము మన పెద్దలకు కొత్త కాదు. ఆయుర్వేద గ్రంథములు విషమజ్వరములను విడదీసి, ప్రతిదినము వచ్చునది అన్యేద్యుష్కమని, దినము విడిచి దినము వచ్చునది తృతీయకమని, రెండు దినములు విడిచి వచ్చునది చాతుర్థికమని పేర్లు పెట్టినవి. చదువురాని ముసలమ్మ కూడ "నిన్న లేదు, నేడు వచ్చింది, రేపు రాదు" అని లెక్క చెప్పగలిగేది. గోదావరి, విశాఖ మన్యములకు ఉద్యోగముపై వెళ్లవలసినవారు మన్యపు నీరు పడదని, అక్కడి గాలి మంచిది కాదని భయపడేవారు. ఇటలీ దేశస్థులు కూడ అట్లే తలచినందుననే 'చెడుగాలి' అను అర్థము వచ్చే 'మలేరియా' అను పేరు లోకమంతట వ్యాపించినది. జ్వరము వచ్చే తిథి అందరికీ తెలుసు. ఆ తిథిని నిర్ణయించేది ఎవరో మాత్రము ఎవరికీ తెలియదు.

1880వ సంవత్సరము నవంబరు 6వ తేదీన అల్జీరియా దేశమందలి కాన్‌స్టాంటీన్ పట్టణపు సైనిక వైద్యశాలలో ఫ్రెంచి సైనిక వైద్యుడు ఆల్ఫాన్స్ లావెరాన్ ఒక సిపాయి రక్తమును మైక్రోస్కోపు క్రింద పరీక్షించుచుండెను. మలేరియాతో చనిపోయినవారి శరీరములో ఒక నల్లని పొడి వంటి పదార్థము ఉంటుందని అప్పటికే వైద్యులకు తెలుసు. లావెరాన్ ఆ నల్లపొడిని వెదకుచు పోగా, ఆ పొడి ఉన్న గుండ్రని వస్తువు నుండి సన్నని తోకలు బయలుదేరి కొరడాలవలె ఆడుట కనబడినది. ఆడుచున్నది గనుక అది ప్రాణము గలదని ఆయన గ్రహించారు. అంతకు ముందు సంవత్సరమే ఇద్దరు పండితులు మలేరియాకు కారణము ఒక బాక్టీరియా అని ప్రకటించియుండుటచేత, లావెరాన్ మాటను చాలామంది కొన్ని సంవత్సరముల వరకు నమ్మలేదు. రంగు వేయని పచ్చి రక్తములో ఆ క్రిమిని పట్టుకొనుట ఎంత కష్టమో మా వృత్తిలోనివారికి తెలుసు. నమ్మనివారిని మేము నిందింపజాలము.

తరువాత ఇటలీలో పవియా నగరమునకు చెందిన కామిల్లో గాల్జీ 1885, 1886 సంవత్సరములలో ఒక గొప్ప సంగతి కనిపెట్టారు. జ్వరము వచ్చే గంటకు, రక్తకణములోని క్రిమి ముక్కలై ఆ కణమును పగులగొట్టుకొని బయటపడే గంటకు సంబంధము ఉన్నది. మూడవనాటి జ్వరములో క్రిమి 48 గంటలలో పెరిగి పగులుతుంది. నాలుగవనాటి జ్వరములో అదే పనికి 72 గంటలు పడుతుంది. అంతే కాదు, ఈ రెండు జ్వరముల క్రిములు చూచుటకు కూడ వేరు వేరు. మన గ్రంథములలోని తృతీయకము, చాతుర్థికము అను విభాగమునకు గాజుపలక మీద రుజువు దొరికినదన్నమాట. 1890లో గ్రాస్సి, ఫెలెట్టి అను ఇటలీ శాస్త్రవేత్తలు వైవాక్స్, మలేరియే అను పేర్లు పెట్టారు. అన్నిటికన్న ప్రాణాంతకమైన దానికి ఫాల్సిపారమ్ అను పేరు 1897లో వచ్చినది. ఆ మాటకు మూలము లాటిన్ భాషలో కొడవలి. ఎందుకు కొడవలియో ముందు చెప్పెదము. నాలుగవదియైన ఓవేల్‌ను 1922లో స్టీఫెన్స్ వివరించారు. అది ముఖ్యముగా ఆఫ్రికా ఖండపు క్రిమి. మేము దానిని పుస్తకములోని బొమ్మలలో చూచినదే గాని రోగి రక్తములో చూచినది లేదు.

ఇక సికింద్రాబాదు సంగతి. రోనాల్డ్ రాస్ 1857 మే 13న ఆల్మోరాలో పుట్టి, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన వైద్యుడు. కవిత్వము, గణితము అనిన ప్రీతి. మొదట ఆయన లావెరాన్ క్రిమి ఉన్నదని నమ్మినవాడు కాడు. ఈ దేశములో ఎంత వెదకినను కనబడకపోవుటచేత, మలేరియా ప్రేగుల దోషమువలన వచ్చునని వ్యాసములు కూడ వ్రాశారు. 1894లో సెలవుపై లండను వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ ఆయనను కూర్చుండబెట్టి ఆ క్రిమిని కళ్లార చూపించారు. మలేరియా వ్యాప్తిలో దోమకు పాత్ర ఉండవచ్చునను ఊహ కూడ మాన్సన్ చెప్పినదే. పుస్తకము చదివి నమ్మనివాడు, పక్కన కూర్చుండి చూపించిన ఒక్క స్లైడుతో మారిపోయాడు. లాబొరేటరీ విద్య ఈనాటికీ అట్లే అబ్బుతుంది. మాకు నేర్పిన పెద్దాయన కూడ మా భుజము మీద చేయి వేసి, "అబ్బాయ్, అది కాదు, దాని పక్కది" అనుచు నేర్పారు.

1895 ఏప్రిల్‌లో రాస్ సికింద్రాబాదులో తన పటాలమునకు వచ్చి పని ఆరంభించారు. నడుమ బెంగుళూరులో కలరా పని మీద, వెళ్లవలసి వచ్చినది, సెలవులో ఊటీ ప్రాంతమునకు కూడ వెళ్లారు. ఊటీ దగ్గరి లోయలో ఆయనకే మలేరియా పట్టుకొన్నది. 1897 జూన్ నాటికి మరల సికింద్రాబాదు చేరుకొన్నారు. ఆ వేసవి ఎంత తీవ్రముగా ఉన్నదో ఆయనే వ్రాసుకొన్నారు. నుదుటి చెమటకు మైక్రోస్కోపు మరలు త్రుప్పు పట్టినవి. మిగిలిన ఒక్క కంటి అద్దము కూడ పగిలియున్నది. పంకా లాగించుకొందమన్న దోమల శరీర భాగములు గాలికి ఎగిరిపోవును. అందుచేత గాలి లేకుండనే, ఒక్కొక్క దోమను అణువణువు వెదకుచు గంటల తరబడి కూర్చుండేవారు.

ఆసుపత్రిలో హుస్సేన్ ఖాన్ అను రోగి ఉండెను. అతని రక్తములో కొడవలి రూపపు క్రిములు ఉన్నవి. ఆగస్టు 16న, లార్వాల నుండి పెంచిన మచ్చల రెక్కల దోమలు పదింటిని దోమతెరలో అతని మీద వదలి కుట్టించారు. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టినది. చరిత్రలో హుస్సేన్ ఖాన్ పేరు నిలిచినందుకు మాకు సంతోషము. ఇట్టి రోగులు ఎంతమందియో పేరు లేకుండ పోయారు. ఆగస్టు 20వ తేదీన, మిగిలిన ఆ కొద్ది దోమలలో ఒకదాని కడుపు గోడను పరీక్షించుచుండగా, అక్కడ ఉండదగని గుండ్రని కణములు కొన్ని కనబడినవి. వాటిని దోమ స్వంత కణములని త్రోసివేయకుండ ఆపినది ఏది? వాటిలో నల్లని రేణువులు ఉన్నవి. ఆ రేణువులు అచ్చముగా రోగి రక్తములోని క్రిమిలో ఉండే నల్లపొడి వంటివే. మరునాడు, అనగా 21న, చివరి దోమను కోసి చూడగా అవే కణములు నిన్నటికన్న పెద్దవై ఉన్నవి. పెరుగుచున్నవి అంటే బ్రదికియున్నవి.

రాస్ అదృష్టవంతుడని కొందరంటారు. నల్లపొడిని రెండు సంవత్సరములు మనిషి రక్తములో చూచి చూచి కన్ను తీరినవాడు గనుకనే దోమ కడుపులో దానిని గుర్తుపట్టగలిగాడని మా అభిప్రాయము. మలేరియా క్రిమి రక్తకణములోని ఎర్రని పదార్థమును తిని, అరుగని భాగమును ఈ నల్లపొడిగా వదలుతుంది. లావెరాన్‌కు దారి చూపినది ఈ పొడియే, రాస్‌కు దారి చూపినదియు ఈ పొడియే, రేపు మా తరువాతివారికి చూపేదియు ఇదే.

ఆ కనుగోలు 1897 డిసెంబరు 18న లండను వైద్య పత్రికలో అచ్చయినది. అది అచ్చుకాకమునుపే ఆయనను మరియొక చోటికి బదిలీ చేసియుండిరి. ప్రభుత్వపు బదిలీలు అప్పుడును ఇట్లే ఉండేవి. తరువాత 1898లో కలకత్తాలో పని. అక్కడ ప్లేగు సూదిమందు భయముచేత ప్రజలు వేలు పొడిపించుకొనుటకు రాకపోగా, పక్షుల మలేరియాతో పని సాగించారు. మహమ్మద్ బక్స్ అను సహాయకుడు ఆయనకు కుడి భుజము. క్రిమి దోమ కడుపు నుండి లాలాజల గ్రంథికి చేరి, కాటుతో మరొక పక్షికి ప్రవేశించుటను ఆ జూలైలో నిరూపించారు. మనిషి మలేరియా అనాఫిలిస్ దోమలో ఆద్యంతము పెరుగుటను అదే సంవత్సరము చివర ఇటలీవారు చూపించారు. 1902లో రాస్‌కు, 1907లో లావెరాన్‌కు నోబెల్ బహుమానములు లభించినవి. బేగంపేటలోని ఆ భవనము రాస్ పేరుతో ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి అధీనములో నిలిచియున్నది. హైదరాబాదు వెళ్లే మన యౌవనులు చార్మినారు చూచి తిరిగి వచ్చెదరు గాని, దీనిని చూచివచ్చినామని చెప్పినవారు మాకు అరుదు.

క్రిమి రంగు సంగతి చెప్పకుండ ముందుకు పోలేము. పచ్చి రక్తములో క్రిమి గాజు మీది గాజువలె ఉంటుంది. 1891లో రష్యా వైద్యుడు రొమనొవ్‌స్కీ నీలి రంగును, ఎర్రని ఇయోసిన్‌ను కలిపి వాడి, క్రిమి శరీరము నీలముగాను, దాని కేంద్రకము ఎరుపుగాను తేలునట్లు చేశారు. ఆ మార్గములోనే లీష్‌మన్ 1901లోను, హాంబర్గులో గీమ్సా 1904లోను తమ రంగులను తయారుచేశారు. వారి పేర్లే సీసాల మీద ఈనాటికీ ఉన్నవి. మందపు పూత పద్ధతిని 1903లో ప్రవేశపెట్టినవారు మరల రాస్ గారే. మన దేశములో ప్రభుత్వ మలేరియా లాబొరేటరీలన్నిటికి ఇంటిపేరు వంటిదైన జె.ఎస్.బి. రంగు మలేరియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ గారలు 1944లో ప్రకటించినది. నీటిలో కరిగే రంగు, ఖర్చు తక్కువ, నిమిషములోపల పని పూర్తి. రెండు పాత్రలు, ఒక నీళ్ల పాత్ర ఉంటే వందల స్లైడులు సాగిపోవును. దేశపు అవసరమునకు తగిన వస్తువు దేశములోనే పుట్టినది.

ఇప్పుడు సంఘస్థులను ఒక్క నిమిషము మా కిటికీ దగ్గరకు పిలుచుచున్నాము. ఎడమ చేతి ఉంగరపు వేలిని స్పిరిటుతో తుడిచి, ఆరిన తరువాత పొడుస్తాము. చంటిబిడ్డకైతే కాలి బొటనవ్రేలు. ఒకే గాజుపలక మీద రెండు పూతలు. ఒక వైపు రక్తమును చిక్కగా గుండ్రముగా కలుపుతాము, అది మందపు పూత. ఇంకొక వైపు మరొక పలక అంచుతో రక్తమును నాలుకవలె సన్నగా లాగుతాము, అది పలుచని పూత. మందపు పూతలో ఎర్రకణములు నీటిలో కరిగిపోయి క్రిములు మాత్రమే మిగులుతాయి. అంతే స్థలములో ఎన్నో రెట్లు రక్తము ఇమిడియుండుటచేత, క్రిమి ఉన్నదా లేదా అని తేల్చుటకు అది మేలు. ఏ జాతి అని తేల్చుటకు పలుచని పూత కావలెను, ఏలయనగా జాతిని పట్టుకొనుటకు క్రిమిని ఒక్కదానినే చూచిన చాలదు, అది కాపురమున్న ఇంటిని కూడ చూడవలెను.

వైవాక్స్ ఇంటిని పాడుచేస్తుంది. అది పట్టిన ఎర్రకణము పొరుగు కణములకన్న ఉబ్బి, పాలిపోయి, లోపల గులాబి రంగు చుక్కలు చల్లినట్లుంటుంది. వాటికి షుఫ్‌నర్ చుక్కలని పేరు. క్రిమి మొదట ఉంగరమువలె ఉండి, పెరిగేకొలది చేతులు చాచి చిందరవందరగా వ్యాపిస్తుంది. పగిలే ముందు పన్నెండు మొదలు ఇరువది నాలుగు వరకు ముక్కలగును. చిన్నవి, పెద్దవి, పగిలేవి అన్ని వయసులవారు ఒకే స్లైడులో కనబడతారు. ఊరి తిరునాళ్లవలె ఉంటుందని మాకు నేర్పిన పెద్దాయన అనేవారు.

ఫాల్సిపారమ్ గుణము వేరు. దాని కణము ఉబ్బదు, పాలిపోదు. లోపల ఉంగరము సన్నని దారముతో చుట్టినట్లుంటుంది. ఒకే ఉంగరమునకు రెండు ఎర్ర రాళ్లు, ఒకే కణములో రెండు మూడు ఉంగరములు, కొన్ని కణము అంచుకు అతుక్కొనియున్నవి. స్లైడంతా వెదకినను చిన్న ఉంగరములే తప్ప పెరిగినవి కనబడవు. పెరిగినవారు ఏమైనారు? అవి ఉన్న కణములు మెదడు మొదలైన అవయవములలోని సన్నని రక్తనాళముల గోడలకు అంటుకొని దాగుకొంటాయి. స్లైడులో కనబడకపోవుటయే ప్రమాద సూచన. ఈ క్రిమి మెదడుకు ఎక్కుతుందని మనవారు చెప్పుకొనేది దీనివల్లనే. వైవాక్స్ ఎక్కువగా లేత ఎర్రకణములనే పట్టును గనుక దానికొక హద్దు ఉంటుంది. ఫాల్సిపారమ్‌కు లేత, ముదురు అను భేదము లేదు. కొన్ని దినములు గడచిన తరువాత కొడవలి రూపములు రక్తములోనికి వస్తాయి. ఆ రూపము మనిషి మలేరియాలలో మరి దేనికీ లేదు. ఒక్క కొడవలి కనబడిన చాలును, సందేహము తీరును. మందు వాడి జ్వరము తగ్గిన తరువాత కూడ కొడవళ్లు కొన్ని వారములు ఉండవచ్చును. అవి జ్వరమును కలిగింపవు, దోమకు అందుటకే ఉంటాయి. బంధువులు "ఇంకా ఉన్నదట" అని కంగారుపడేది ఇక్కడనే.

మలేరియే అను నాలుగవనాటి క్రిమి కణమునకు అడ్డముగా పట్టీవలె పరుచుకొంటుంది. పగిలే ముందు సుమారు ఎనిమిది ముక్కలు నల్లపొడి చుట్టు పువ్వు రేకులవలె అమరుతాయి. చూచుటకు ఎంతో అందమైనది. మన ప్రాంతములో అరుదు.

ఇవి పుస్తకములో రంగుల బొమ్మలవలె స్పష్టముగా ఉన్నను, స్లైడు మీద అట్లుండవు. రక్తములోని ప్లేట్‌లెట్ ఒకటి ఎర్రకణము మీద కూర్చున్నచో కొత్తవాని కంటికి అచ్చముగా ఉంగరమే. రంగు గడ్డకట్టిన చుక్కలు, గాజు మీద గీతలు, ధూళి – అన్నియు మోసగించేవే. నీటిలో ఆమ్లము ఎక్కువైనచో షుఫ్‌నర్ చుక్కలు తేలనే తేలవు, అప్పుడు వైవాక్స్‌ను వైవాక్స్ అనుటకు ఆధారము పోవును. రంగు సరిగా లేనిది నీటి దోషముచేతనే అని తెలియక రంగు సీసాను తిట్టేవారిని చూచినాము. వేసవిలో మందపు పూత ఎండకు గట్టిపడిపోయి నీటిలో కరుగదు. ఆరబెట్టిన స్లైడులను ఈగలు, చీమలు తినిపోతాయి. రక్తమేగదా, వాటికదే విందు. మందపు పూతలో వంద క్షేత్రములు చూడకుండ 'లేదు' అని వ్రాయరాదని నియమము. వంద క్షేత్రములు చూచుటకు ఓపిక కావలెను. సాయంకాలము నాలుగు గంటలకు, డెబ్బదవ స్లైడు దగ్గర ఆ ఓపిక ఎవరికి ఎంత మిగులునో పనిచేసినవారికే తెలుసు.

జాతి పేరు తప్పిన ఏమగును? ఒక సంవత్సరము వానాకాలము చివర ఏజెన్సీ నుండి పదేండ్ల బాలుని ఎడ్లబండిపై, తరువాత బస్సుపై తెచ్చారు. తండ్రి చేతిలో ఒక చీటీ. వేరొక చోట రక్తము చూచి వైవాక్స్ అని వ్రాసియిచ్చినది. నాలుగు దినములుగా క్లోరోక్విన్ మాత్రలు పడుచున్నవి, జ్వరము మాత్రము తగ్గలేదు. బాలుడు పిలిస్తే ఆలస్యముగా పలుకుచున్నాడు. డాక్టరమ్మ గారు ఆ చీటీని పక్కన పెట్టి, "మీరు మరల చూడండి" అన్నారు. పలుచని పూతలో క్షేత్రమునకు ఐదారు కణములలో సన్నని ఉంగరములు, కొన్నింటిలో జంటగా. ఉబ్బిన కణము ఒక్కటి లేదు. మూల మీద రెండు కొడవళ్లు. పది నిమిషములలో వార్డుకు కబురు వెళ్లినది, క్వినైను డ్రిప్పు పెట్టినారు. రెండు రాత్రులు ఆ తల్లి వరండాలోనే కూర్చున్నది. మూడవనాడు బాలుడు గంజి అడిగాడు. ఆ చీటీ వ్రాసినవారికి మంచి రంగు, మంచి నీరు, తీరిక దొరికియుండకపోవచ్చును. అయినను ఆ చీటీలోని ఒక్క మాట ఆ పిల్లవానికి నాలుగు దినములు ఖరీదైనది.

వైవాక్స్‌ను ఫాల్సిపారమ్ అనుట కూడ చిన్న సంగతి కాదు. వైవాక్స్ కొంత భాగము కాలేయములో నిద్రించి, నెలల తరువాత మరల లేస్తుంది. దానిని అక్కడనే చంపుటకు ప్రైమాక్విన్‌ను పదునాలుగు దినములు ఇస్తారు. ఫాల్సిపారమ్‌కు కొడవళ్ల కొరకు ఒకే ఒక మోతాదు చాలును. జాతి తప్పితే కాలేయములోని క్రిమి అట్లే మిగిలి, పొలములో నాట్లు పడే నాటికి కూలివాడు మరల మంచమెక్కును. పుట్టుకతో ఒక ఎంజైము లోపించిన కొందరిలో ఈ మందు ఎర్రకణములనే పగులగొట్టును గనుక, అవసరము లేనివానికి పదునాలుగు దినములు ఇచ్చుటయు క్షేమము కాదు.

మన దేశపు మలేరియా పోరాటమంతయు ఈ గాజుపలకల మీదనే నడచినది. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి ఏటేట సుమారు 7 కోట్ల 50 లక్షల మందికి మలేరియా వచ్చుచు, 8 లక్షల మంది మరణించుచుండిరని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము, 1958లో నిర్మూలన పథకము ఆరంభమైనవి. డి.డి.టి. చల్లే బృందములు గ్రామములకు రావడము, గోడల మీద తేదీలు వ్రాయడము మన వయసువారికి జ్ఞాపకమే. పదునైదు దినములకొకసారి ఆరోగ్య కార్యకర్త సంచిలో గాజుపలకలు పెట్టుకొని ఇంటింటికి వచ్చి, "జ్వరము ఎవరికైనా వచ్చినదా?" అని అడిగేవాడు. వచ్చిన వారి వేలు పొడిచి, నాలుగు మాత్రలు మింగించి, స్లైడును లాబొరేటరీకి పంపేవాడు. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు దిగినవి, మరణములు లేవు. ఇక మలేరియా పోయినదని అందరు తలచారు. లాబొరేటరీలలో ఖాళీలు నింపలేదు, డి.డి.టి.కి దోమలు అలవాటుపడినవి. 1976లో కేసులు 64 లక్షలు దాటినవి. అంతకు మూడు సంవత్సరముల క్రిందటనే, 1973లో, అస్సాములో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారమ్ కనబడియున్నది. ఆ దినములలో స్లైడులు గుట్టలుగా పేరుకొని, ఫలితము వచ్చుటకు వారములు పట్టిన సంగతి దేశమంతట ఉన్నదే. మూడు వారముల తరువాత "మీకు ఫాల్సిపారమ్ ఉండెను" అని చెప్పుటకు వెళ్లిన కార్యకర్తకు, కొన్ని ఇండ్లలో చెప్పించుకొనువాడు మిగులలేదు.

మిషను ఆసుపత్రుల లాబొరేటరీలకు ఇక్కడ ఒక చిన్న సౌలభ్యము ఉండేది. రోగి అక్కడనే మంచము మీద ఉన్నాడు, మైక్రోస్కోపు వరండా చివర ఉన్నది. ఒకసారి చూచి కనబడకపోతే ఆరు గంటల తరువాత మరల వేలు పొడవవచ్చును. దాగుకొన్న ఫాల్సిపారమ్ తరువాతి తరము ఉంగరములై రక్తములోనికి రాక మానదు. ప్రభుత్వము వారు వందల గ్రామములను చూచేవారు, మేము ఒక వార్డును చూచేవారము. ఈ రెండింటిని పోల్చి గర్వపడుట న్యాయము కాదు.

మైక్రోస్కోపుకును హద్దులున్నవి. 1932లో కలకత్తాలో నోలెస్, దాస్‌గుప్తా గారలు కోతి మలేరియా క్రిమి ఒకటి మనిషికి కూడ ఎక్కగలదని చూపించారు. దానికి నోలెసి అని పేరు వచ్చినది. చాలా కాలము అది పుస్తకములలోని వింతగా మిగిలినది. 2004లో మలేషియాలోని సారవాక్ ప్రాంతమున, మైక్రోస్కోపు క్రింద మలేరియే అని వ్రాసిన రోగులలో చాలామందికి ఉన్నది నిజముగా ఈ నోలెసి అని జన్యు పరీక్ష వలన తేలినది. లేత వయసులో ఫాల్సిపారమ్ వేషము, పెరిగిన తరువాత మలేరియే వేషము. నాలుగవనాటి క్రిమి 72 గంటలు తీసుకొనే పనిని ఇది 24 గంటలలో చేయును. అక్కడి టెక్నీషియన్లు అశ్రద్ధ చేశారని మేము అనుకొనుట లేదు. ఆ రెండు క్రిములను కంటితో వేరుచేయుట ఎవరికైనను దాదాపు అసాధ్యము.

మా తరువాతివారి చేతిలో ఇప్పుడు కిట్టు ఉన్నది. ఒక బొట్టు రక్తము, కొన్ని బొట్ల ద్రావకము, పావుగంట తరువాత గీతలు. ఆశా కార్యకర్త కొండమీది గూడెములోనే ఏ జాతియో చెప్పి, వెంటనే మందు ఆరంభించగలదు. మూడు వారముల కాగితము కోసము ఎదురుచూచిన ఊళ్లకు ఇది ఎంత మేలో మేము వేరుగా చెప్పనక్కర లేదు. దేశములో నమోదైన కేసులు 2015లో సుమారు 11 లక్షల 70 వేలు ఉండగా, 2023 నాటికి సుమారు 2 లక్షల 30 వేలకు తగ్గినవి. అయితే కిట్టు పట్టుకొనేది క్రిమి వదలే ఒక ప్రోటీనును. జ్వరము తగ్గి క్రిమి చచ్చిన తరువాత కూడ ఆ ప్రోటీను వారముల తరబడి రక్తములో ఉండి గీతను చూపుతుంది. ఆ ప్రోటీను జన్యువే లోపించిన ఫాల్సిపారమ్ క్రిములు 2010లో పెరూ దేశములో బయటపడినవి, తరువాత ఆఫ్రికాలోను కనబడినవి. అట్టివాటికి కిట్టు గీత చూపకపోవచ్చును. రక్తములో ఎన్ని క్రిములున్నవి, మందుకు తగ్గుచున్నవా లేదా అని లెక్కచెప్పుటకు కిట్టుకు శక్తి లేదు.

అందుచేత ఫాల్సిపారమ్ రోగికి మందు ఇచ్చి పంపక, మూడవనాడు మరల వేలు పొడిచి మందపు పూత చూచేవారు ఇప్పటికిని ఉన్నారు. తెల్లకణములను రెండు వందల వరకు లెక్కపెట్టుచు, ఆ నడుమ కనబడిన క్రిములను వేరొక బొత్తాముతో లెక్కించి, రెండు సంఖ్యలను రిజిస్టరులో పక్కపక్కన వ్రాస్తారు. మొదటినాటి సంఖ్య పక్కన మూడవనాడు సున్న పడినచో రోగిని ఇంటికి పంపవచ్చును. సున్న పడనిచో అదే సాయంకాలము డాక్టరు గారికి కబురు పోవలెను.